ఉంచుకున్నవాళ్ళు, వదిలేసినవాళ్ళు

మన భాషలో 'విడుదల' అన్నమాట చెవిన పడితే మనసుకి హాయిగా ఉంటుంది. సినిమా విడుదలైతే పండగ. ఖైదీ విడుదలైతే వాళ్ళింట్లో పండగ. అలాంటి చల్లని మాటకి ఒక్క ఆటగాళ్ళ లోకంలోనే ముఖం మాడిపోయింది. ఐ.పి.ఎల్. వేలానికి ముందు పేపర్లో రెండు జాబితాలు పడతాయి చూడండి. ఒకటి జట్టు ఉంచుకున్నవాళ్ళది, రెండోది విడుదల చేసినవాళ్ళది. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్ డేవిడ్ వార్నర్ పేరు 2021 చివర్లో ఆ రెండో జాబితాలోకి వెళ్ళినప్పుడు, మా వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర పెద్ద సభే జరిగింది. "విడుదలేమిటండీ, గెంటెయ్యడం అనక!" అని అందరూ ఒకే తీర్మానానికి వచ్చారు.

న్యాయమైన తీర్మానమే. అయితే చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే, ఇదే జాబితాలో తన పేరు ఉండాలని ఆటగాళ్ళు దేవుడికి మొక్కుకున్న రోజులున్నాయి. "నన్ను ఉంచుకోకండి బాబూ, వదిలెయ్యండి" అని కోర్టుకెక్కినవాడున్నాడు. ఆ కథ క్రికెట్‌ది కాదు, రగ్బీ లీగ్ అనే ఆటది. మనవాళ్ళలో ఎక్కువమందికి పరిచయం లేని ఆట గనక నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను.

చెడుగుడు తెలిసినవాడికి రగ్బీ లీగ్ సగం తెలిసినట్టే. జట్టుకి పదముగ్గురు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒకడు దూసుకొస్తాడు. అవతలివాళ్ళు ముగ్గురో నలుగురో కలిసి వాణ్ణి పట్టి పడేస్తారు. పడినవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి తోస్తాడు. వెనకవాడు అందుకుని మళ్ళీ మొదలు. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకి ఇచ్చెయ్యాలి. ఈలోగా చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. కూత లేదన్నమాటే గాని, పట్టూ విదిలింపూ అన్నీ మన కూత ఆటవే. ఇది ఉత్తర ఇంగ్లండులోని బొగ్గుగని కార్మికులూ, బట్టల మిల్లు కార్మికులూ పెంచుకున్న ఆట. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో ఇంటింటి ఆట అయింది.

అసలీ ఆట పుట్టుకే డబ్బు దగ్గర జరిగింది. అప్పట్లో ఉన్నది ఒకటే రగ్బీ. దాన్ని నడిపేవాళ్ళు దక్షిణాది దొరబాబులు. ఆటకి డబ్బు పుచ్చుకోవడం వాళ్ళ దృష్టిలో మైల. గనిలో పని చేసేవాడు శనివారంనాడు ఆడాలంటే ఆ పూట కూలి పోతుంది గదా, ఆ పోయిన కూలి మేరకైనా ఇవ్వండి మహాప్రభో అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. 1893లో దొరలు కుదరదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో జార్జి హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. రోజుకి ఆరు షిల్లింగులు మించకుండా కూలి పరిహారం ఇవ్వచ్చని నిర్ణయించాయి. అదీ రగ్బీ లీగ్‌కి బారసాల.

1898లో ఆటకి బాహాటంగా జీతం ఇవ్వచ్చన్నారు, కానీ ఒక షరతు పెట్టారు: ఆటగాడికి మరో గౌరవప్రదమైన ఉద్యోగం ఉండి తీరాలి. ఆటమీదే బతికేవాడు సోమరి అవుతాడని భయం కాబోలు. ఆ షరతు 1905 దాకా నడిచింది. మరుసటి ఏడాది ఇంకా విచిత్రమైన పని చేశారు. పదిహేనుమంది ఆడితే మైదానం ఇరుకైపోతోంది, ఆట మందగిస్తోంది, జనం రావడంలేదని, 1906లో జట్టుకి ఇద్దర్ని తగ్గించి పదముగ్గుర్ని చేశారు. అంటే ప్రతి క్లబ్బూ ఒక్కసారిగా తుది జట్టులోంచి ఇద్దర్ని తప్పించింది. ఈ ఆట చరిత్రలో అదే మొదటి మూకుమ్మడి విడుదల అని నా లెక్క.

జీతాలు వచ్చాక జాబితాలు వచ్చాయి. ఇంగ్లీషు ఫుట్‌బాల్ 1893లోనే ఒక కట్టుబాటు చేసుకుంది. రగ్బీ లీగ్ కూడా అదే బాట పట్టింది. సీజను అయిపోగానే క్లబ్బు పెద్దలు కూర్చుని ఒక పట్టిక రాస్తారు. దాని పేరు 'రిటైన్ లిస్టు', ఉంచుకున్నవాళ్ళ పట్టిక. అందులో పేరున్నవాడు ఇంకో క్లబ్బుకి ఆడడానికి వీల్లేదు. ఒప్పందం గడువు అయిపోయినా సరే వీల్లేదు. వాడు కావాలనుకున్న క్లబ్బు, పాత క్లబ్బు అడిగినంత సొమ్ము చెల్లించి తీసుకెళ్ళాలి. ఆ సొమ్ము ఆటగాడికి కాదు, క్లబ్బు పెట్టెలోకి. అడిగినంత ఎవరూ ఇవ్వకపోతే? వాడు అక్కడే ఉంటాడు. అమ్మకానికి పెట్టిన గేదెకి బేరం కుదరకపోతే కట్టుకొయ్య దగ్గరికే తిరిగొచ్చినట్టు.

అంచేత ఆ రోజుల్లో బాగా ఆడేవాడికి ఉంచుకోవడమే సంకెల, వదిలెయ్యడమే వరం. ఆట తప్పినవాణ్ణి మాత్రం ఊరికే వదిలేసేవాళ్ళు. బాగా ఆడితే కట్టు, ఆడకపోతే విడుపు! ఈ ధర్మసూక్ష్మం మీద ఎన్ని క్లబ్బులు ఎన్నేళ్ళు కాపురం చేశాయో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

మరి ఆ పట్టిక రాసే పెద్దలకి మనిషిని అంచనా కట్టడం తెలుసా అంటే, అక్కడే ఉంది అసలు తమాషా.

1945లో 'ఆస్ట్రేలియా' అనే యుద్ధనౌక మరమ్మతులకోసం ఇంగ్లండు రేవుకి వచ్చింది. అందులో బ్రయాన్ బెవన్ అనే సిడ్నీ కుర్రాడు పని చేస్తున్నాడు. బక్కపలచని మనిషి, తొందరగా రాలిపోయిన జుట్టు, ఊడిన పళ్ళు, మోకాళ్ళకి చుట్టుకున్న కట్లు. చూస్తే ఆటగాడనిపించడు, ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాలనిపిస్తుంది. లీడ్స్ క్లబ్బు తలుపు తట్టాడు, వద్దన్నారు. హన్‌స్లెట్ తలుపు తట్టాడు, అక్కడా వద్దన్నారు. అతని కుటుంబానికి తెలిసినవాడూ, వారింగ్టన్ క్లబ్బు పాత ఆటగాడూ అయిన బిల్ షాంక్‌లాండ్ మాటసాయంతో వారింగ్టన్‌లో ఒక అవకాశం దొరికింది. తీరా మైదానంలోకి దిగాక తెలిసింది, ఆ కట్లు కట్టిన కాళ్ళని పట్టుకోవడం మానవమాత్రుడివల్ల కాదని. బెవన్ తన ఆటజీవితం మొత్తంమీద 796 ట్రైలు చేశాడు. అందులో 740 వారింగ్టన్‌కే. ఈ ఆటలో ఇప్పటికీ అదే రికార్డు. రెండో స్థానంలో ఉన్న బిల్లీ బోస్టన్‌వి 571. అంటే రెండోవాడు మొదటివాడికి కనుచూపు మేరలో లేడన్నమాట. లీడ్స్ పెద్దలూ హన్‌స్లెట్ పెద్దలూ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆ వెనకభాగాన్నే చూస్తూ గడపాల్సి వచ్చింది.

బక్కవాణ్ణి పోల్చుకోలేకపోయారు సరే, ముసలివాణ్ణయినా పోల్చుకున్నారా? గస్ రిస్మన్ అని ఒకాయన 1929 నుంచి సాల్ఫర్డ్ క్లబ్బుకి ఆడాడు. 1946 వచ్చేసరికి ముప్పై అయిదేళ్ళు. రగ్బీ లీగ్‌లో ముప్పై అయిదంటే మన లెక్కలో పెన్షను కాగితాలమీద సంతకం పెట్టే వయసు. ఆయన సాల్ఫర్డ్ వదిలి, అప్పుడే పుట్టిన వర్కింగ్టన్ టౌన్ అనే క్లబ్బుకి వెళ్ళాడు. తానే ఆడుతూ, తానే శిక్షణ ఇస్తూ, 1951లో లీగ్ చాంపియన్‌షిప్పూ, 1952లో వెంబ్లీలో చాలెంజ్ కప్పూ గెలిపించాడు. వెంబ్లీలో కప్పు ఎత్తేనాటికి ఆయనకి నలభై ఒకటి. ఇప్పుడు వెంబ్లీ స్టేడియం బయట 2015లో పెట్టిన రగ్బీ లీగ్ విగ్రహం ఉంది. అందులో అయిదుగురు మహానుభావులు. ఆ అయిదుగురిలో రిస్మన్ ఒకడు. పనైపోయిందనుకునే వయసులో కప్పు ఎత్తినవాడు. కంచు పోతపోసేటప్పుడు ఆ వయసేమీ లెక్కలోకి రాలేదు.

మూడో పేరు కూడా చెప్పాలి. క్లైవ్ సల్లివన్. కార్డిఫ్ నగరంలో పుట్టిన నల్లజాతి కుర్రాడు. చిన్నతనంలో కాళ్ళకి ఆపరేషన్లు జరిగాయి. పదిహేడేళ్ళప్పుడు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ క్లబ్బువాళ్ళు ఆడించి చూసి, ఇంటికి పొమ్మన్నారు. 1961లో హల్ క్లబ్బు తీసుకుంది. 1972లో అదే కుర్రాడు బ్రిటన్ జట్టు కెప్టెన్ అయ్యాడు. ఏ క్రీడలోనైనా సరే బ్రిటన్ జాతీయ జట్టుకి కెప్టెన్ అయిన మొదటి నల్లజాతీయుడు అతనే. ఆ ఏడాదే ప్రపంచ కప్పు ఫైనల్లో ఆస్ట్రేలియామీద మైదానం ఈ కొసనుంచి ఆ కొసదాకా పరుగెత్తి ట్రై చేశాడు. ఆట 10-10 సమమైనా కప్పు బ్రిటన్‌కి వచ్చింది. 1974లో హల్ క్లబ్బు వదిలి అదే ఊళ్ళోని పోటీ క్లబ్బు హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌కి వెళ్ళాడు. 1980లో ఈ రెండు క్లబ్బులే వెంబ్లీ ఫైనల్లో తలపడ్డాయి. ఊరు ఊరంతా లండన్‌కి తరలిపోయింది. 10-5తో గెలిచింది రోవర్స్, ఆ జట్టులో ముప్పై ఏడేళ్ళ సల్లివన్ ఉన్నాడు. 1985లో కాన్సరుతో చిన్నవయసులోనే పోయాడు. ఆ ఊళ్ళోకి వెళ్ళే పెద్దరోడ్డుకి ఆయన పేరే పెట్టారు. రెండు క్లబ్బుల అభిమానులూ రోజూ ఆ రోడ్డుమీదే రాకపోకలు సాగిస్తారు.

ఇవి చదివి "పెద్దలకి బుద్ధిలేదు" అనుకుంటే అది మళ్ళీ అన్యాయం. వాళ్ళు వద్దన్నవాళ్ళలో నూటికి తొంభైమంది నిజంగానే పనికిరానివాళ్ళై ఉండచ్చు. వాళ్ళ పేర్లు చరిత్రకి ఎక్కవు గనక మనకి తెలియవు. పెళ్ళిచూపుల్లో వద్దనుకున్న సంబంధాలన్నీ తర్వాత కలెక్టర్లైపోవు గదా! భోగినాడు అటకమీంచి సామాను దింపి, ఏది మంటలో వెయ్యాలి, ఏది మళ్ళీ పైకెక్కించాలి అని తేల్చుకునే ఇల్లాలికి తెలుసు ఆ కష్టం. విరిగిన కుర్చీని మంటలో వేసిన మర్నాడే దాని కాలు పనికొచ్చే అవసరం వస్తుంది. పెద్దల తప్పు అంచనాలో లేదు. అంచనా తప్పినా, ఒప్పినా, మనిషి కదలడానికి వీల్లేకుండా పట్టిక రాశారే, అందులో ఉంది.

ఆ పట్టికని పట్టుకుని గుంజినవాడు డెనిస్ టట్టీ.

సిడ్నీలో పద్ధతి మొదట్లో వేరుగా ఉండేది. 1908లో అక్కడ పోటీలు మొదలైనప్పుడు, ఎవరు ఏ పేటలో కాపురముంటే ఆ పేట క్లబ్బుకే ఆడాలని నియమం. జట్టు మారాలంటే ఇల్లు మారాలి. అద్దె ఇల్లు దొరికితే విడుదల దొరికినట్టే. ఈ నియమం 1959 దాకా ఉంది. తర్వాత దాన్ని తీసేసి ఇంగ్లీషువాళ్ళ ఉంచుకునే పట్టిక తెచ్చిపెట్టారు. ఇదివరకు సామాను బండికెక్కించి బయటపడేవాడికి ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

టట్టీ బాల్మెయిన్ క్లబ్బు ఆటగాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే 1964 గ్రాండ్ ఫైనల్లో ఆడినవాడు. 1968 సీజను అయిపోయాక, ఒప్పందం గడువు తీరింది గనక నేను వేరేచోటికి వెళతానన్నాడు. క్లబ్బు ఊరుకుందా? అతని పేరు పట్టికలో రాసేసింది. గమనించండి, పట్టికలో పేరు రాసినందుకు క్లబ్బు అతనికి జీతం ఇవ్వక్కర్లేదు, ఆడించక్కర్లేదు. ఇంకెక్కడా ఆడనివ్వకపోతే చాలు. అన్నం పెట్టరు, అడుక్కు తిననివ్వరు అన్న సామెత మనవాళ్ళు దీన్ని చూసే చెప్పారేమోననిపిస్తుంది.

టట్టీ ఏం చేశాడంటే, ఆడడం మానేశాడు. 1969 సీజను మొత్తం కూర్చున్నాడు. ఆటగాడి జీవితంలో మంచి ఏళ్ళు మహా అయితే పది. అందులో ఒకటి, అదీ ఇరవైల్లో ఉన్న ఏడాది, చేతులారా వదులుకున్నాడు. విధి ఎంత కొంటెదో చూడండి. సరిగ్గా ఆ ఏడాదే బాల్మెయిన్, ఎవ్వరూ ఊహించని విధంగా, సౌత్ సిడ్నీ మీద గ్రాండ్ ఫైనల్ 11-2తో గెలిచింది. అతని పాత సావాసగాళ్ళు కప్పు పట్టుకుని ఊరేగుతుంటే, ఇతను లాయరు దగ్గర కాగితాలు చూసుకుంటున్నాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మనసు ఆగిపోయే చోటు అదే. కోర్టు గెలుపు గొప్పదే, కాని ఆ సాయంత్రం అతనింట్లో ఎలా గడిచిందో ఏ తీర్పులోనూ రాసి ఉండదు.

కేసు మెట్లెక్కుతూ ఎక్కుతూ ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీం కోర్టులాంటిది, ఆ పైన ఇంకో గడప లేదు. లీగ్ తరఫున అధ్యక్షుడు బక్లీ పేరు పెట్టారు గనక, న్యాయశాస్త్రం చదివేవాళ్ళకి అది 'బక్లీ వర్సెస్ టట్టీ' కేసు. అప్పటికి ఇంగ్లండులో జార్జి ఈస్టమ్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 1963లో ఇలాంటి పట్టికమీదే గెలిచి ఉన్నాడు. 1971 డిసెంబరులో తీర్పొచ్చింది. మనిషి తన వృత్తి తను చేసుకుని బతకడానికి ఈ పట్టిక అడ్డు వస్తోంది, క్లబ్బులకి న్యాయంగా కావాల్సిన రక్షణ కంటే ఇది చాలా ఎక్కువ, అంచేత చెల్లదు అని కోర్టు తేల్చింది. ఆట కదా, సరదా కదా అంటే కుదరదు. డబ్బు పుచ్చుకుని ఆడేవాడికి అది వృత్తే అన్నది అందులో సారాంశం. గనిలో పోయిన కూలికోసం పుట్టిన ఆటకి ఈ సంగతి కోర్టు చెప్పాల్సి రావడమే విడ్డూరం.

టట్టీ తర్వాత పెన్రిత్ క్లబ్బుకి ఆడాడు. కాని తీర్పు ఫలం ఎక్కువగా అనుభవించినవాళ్ళు వెనకొచ్చినవాళ్ళు. మామిడిమొక్క నాటిన తాతకి కాయ దక్కదంటారే, అలాగ.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాలి. వెళ్ళలేదు. ఉంచుకునే హక్కు పోయిన క్లబ్బులు డబ్బున్నకొద్దీ ఆటగాళ్ళని కొనుక్కోవడం మొదలుపెట్టాయి. ధనికుల జట్లు బలిసి, బీదజట్లు చిక్కిపోయాయి. అందుకని 1990లో సిడ్నీ లీగ్ జీతాలకి ఒక గరిష్ట పరిమితి పెట్టింది. క్లబ్బు తన ఆటగాళ్ళందరికీ కలిపి ఇంత మొత్తమే ఇవ్వాలి. దాంతోపాటు ఆటగాళ్ళని వంతులవారీగా క్లబ్బులకి పంచే పద్ధతి కూడా పెట్టబోయారు గాని, ఆటగాళ్ళు కోర్టుకి వెళ్ళి 1991లో దాన్ని కొట్టేయించారు. టట్టీ వేసిన బాట అప్పటికి బాగా నలిగింది. జీతాల పరిమితి మాత్రం నిలిచింది.

అదిగో, ఆ పరిమితితో 'విడుదల' అన్నమాట బోర్లాపడింది. ఇదివరకు క్లబ్బు పెద్దలకి బెంగ ఎవరు వెళ్ళిపోతారో అని. ఇప్పుడు బెంగ ఎవర్ని పంపెయ్యాలో అని. నెల జీతంతో సంసారం ఈదినవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. ముప్పై దాటిన మహావీరుడొకడికి ఇచ్చే జీతంతో ముగ్గురు కుర్రాళ్ళు వస్తారు. మోకాలు చెడినవాడు కోలుకుంటాడా, కోలుకోడా? ఒకే స్థానానికి ఇద్దరు మొనగాళ్ళుంటే రెండోవాణ్ణి బెంచీమీద కూర్చోబెట్టి అంత జీతం ఇవ్వడం దండగ కాదా? మన ఊరి కుర్రాడు, పదేళ్ళప్పటినుంచి చూస్తున్నాం, వాణ్ణి పొమ్మంటే జనం ఊరుకుంటారా? ఆఖరి ప్రశ్నకి కాగితంమీద గడి ఉండదు, కాని అన్నిటికంటే బరువైంది అదే.

ఈ లెక్క ఎంత క్రూరంగా ఉండగలదో 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్బు చూసింది. లీగ్‌కి చూపించే లెక్క ఒకటి, అసలు లెక్క ఇంకొకటి పెట్టి, ఆ క్లబ్బు అధికారులు కొన్నేళ్ళుగా పరిమితికి మించి జీతాలిచ్చారు. ఏప్రిల్ 22న బయటపడింది. 2007, 2009 టైటిళ్ళు రద్దు. ఆ సీజను మిగతా ఆటలన్నీ పాయింట్లు లేకుండా ఆడాలి, గెలిచినా సున్నాయే. అదంతా ఒకెత్తు. వచ్చే ఏడాదికి జీతాలు పరిమితిలోకి తేవాలంటే మంచి ఆటగాళ్ళని వదులుకోవాలి, అదొకెత్తు. దొంగలెక్కలు రాసింది అధికారులు, మూట సర్దుకోవాల్సింది ఆటగాళ్ళు.

ఎవర్ని ఉంచాలి? ఆ జట్టులో ఆణిముత్యాలు నలుగురు: కెమరాన్ స్మిత్, కూపర్ క్రాంక్, బిల్లీ స్లేటర్, గ్రెగ్ ఇంగ్లిస్. నలుగుర్నీ ఉంచుకోవడానికి లెక్క ఒప్పుకోలేదు. వాళ్ళు ఆలోచించిన తీరు నాకు నచ్చింది. రగ్బీ లీగ్‌లో జట్టుకి వెన్నెముక అని కొన్ని స్థానాలున్నాయి. పట్టుబడ్డవాడి వెనకనుంచి బంతి ఎత్తేవాడు, దాన్ని అందుకుని ఎత్తు వేసే హాఫ్‌లు, అందరికీ వెనకుండి మైదానమంతా చూసే ఫుల్‌బాక్. బంతి ఎక్కువసార్లు వెళ్ళేది వీళ్ళ చేతుల్లోంచే. స్మిత్, క్రాంక్, స్లేటర్ ముగ్గురూ వెన్నెముక మనుషులు. ఇంగ్లిస్ వాళ్ళ ముగ్గురికంటే బలశాలి, చూడడానికి వాళ్ళకంటే అందమైన ఆట. కాని ఎక్కువగా ఆడింది పక్క స్థానాల్లో. వెన్నెముకని ఉంచి భుజాన్ని వదిలేశారు. ఇంగ్లిస్‌తోపాటు రయన్ హాఫ్‌మన్, బ్రెట్ వైట్, జెఫ్ లీమా, ఐడన్ టోల్మన్ కూడా బయటికి నడిచారు.

ఏమైంది? హాఫ్‌మన్, లీమా ఇంగ్లండు వెళ్ళి విగన్ క్లబ్బులో చేరారు. 2011లో ఆ క్లబ్బు వెంబ్లీలో చాలెంజ్ కప్పు గెలిచింది. ఆ ఆటలో ఉత్తమ ఆటగాడి బహుమతి లీమాదే. ఏడాది తిరక్కుండా హాఫ్‌మన్ మెల్‌బోర్న్‌కి వెనక్కొచ్చాడు. 2012లో వెన్నెముక ముగ్గురితో మెల్‌బోర్న్ మళ్ళీ టైటిల్ గెలిచింది, ఈసారి నిఖార్సైన లెక్కలతో. ఓడిపోయిన జట్టులో టోల్మన్ ఉన్నాడు.

మరి ఇంగ్లిస్? అతను చేరింది సౌత్ సిడ్నీలో. ఆ క్లబ్బు కథ చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు, ఎందుకంటే అది విడుదలైన క్లబ్బు! 1908లో పోటీ మొదలుపెట్టిన క్లబ్బుల్లో సౌత్ సిడ్నీ ఒకటి. కాని 1999 చివర్లో, పోటీలో క్లబ్బులు ఎక్కువైపోయాయి, పద్నాలుగే ఉండాలని లీగ్ ఒక జాబితా రాసి, అందులో సౌత్ సిడ్నీ పేరు లేకుండా చేసింది. ఇన్నాళ్ళూ ఆటగాళ్ళ పేర్లు కొట్టేసిన క్లబ్బుకి, తన పేరే కొట్టివేతకి గురైతే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. అభిమానులు వేలకి వేలు సిడ్నీ వీధుల్లో ఊరేగారు. కోర్టులో 2001లో గెలిచారు, 2002లో మళ్ళీ ఆటలోకి వచ్చారు. ఆ తర్వాత లీగ్ పై కోర్టుకి వెళ్ళి 2003లో గెలిచినా, వచ్చినవాళ్ళని మళ్ళీ పొమ్మనలేదు.

వదిలేసిన ఆటగాడు ఇంగ్లిస్, వదిలేసిన క్లబ్బు సౌత్ సిడ్నీ. ఇద్దరూ కలిసి 2014 గ్రాండ్ ఫైనల్లో 30-6తో గెలిచారు. ఆఖరి నిమిషంలో ఆఖరి ట్రై చేసింది ఇంగ్లిసే. నలభై మూడేళ్ళ తర్వాత ఆ క్లబ్బుకి దక్కిన టైటిల్ అది. అంతకుముందు ఎప్పుడు గెలిచారో చూస్తే 1971, టట్టీ కేసులో తీర్పు వచ్చిన ఏడాది.

మరి మెల్‌బోర్న్‌వాళ్ళు ఇంగ్లిస్‌ని వదలడం తప్పా? తప్పు కాదు, వాళ్ళు 2012లో గెలిచారు. ఒప్పా? ఒప్పంటే 2014లో అతను గెలిచాడు. విడిచినవాళ్ళూ బాగుపడ్డారు, విడిచిపెట్టబడ్డవాడూ బాగుపడ్డాడు. ఉంచుకునే పట్టికల కాలంలో ఇలా జరగడానికి వీల్లేదు. అప్పుడు క్లబ్బు అంచనా తప్పితే ఆ తప్పు ఆటగాడి మెడకి చుట్టుకునేది. ఇప్పుడు మనిషి గుమ్మం దాటి ఎదురింట్లో అడుగుపెట్టగలడు గనక, క్లబ్బు తప్పు క్లబ్బు దగ్గరే ఉండిపోతుంది.

అందరి కథా ఇంగ్లిస్ కథలా ముగియదని నాకు తెలుసు. 2018 నుంచి ఆస్ట్రేలియా పోటీలో క్లబ్బుకి ముప్పైమంది ప్రధాన జట్టు. ముప్పై ఒకటోవాడు ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఏ సీజను చివరో వాడికి కబురు వస్తుంది, వాడి తల్లి వంటింట్లోంచి "ఏమన్నార్రా?" అని అడుగుతుంది. ఏ దేశంలోనైనా తల్లులు అదే అడుగుతారు. వాడు ఏం చెప్పాలో తెలియక నిలబడతాడు. ఏ కోర్టూ ఆ కాసేపటిని తప్పించలేదు. కాని మర్నాడు పొద్దున్నే లేచి ఇంకో క్లబ్బు తలుపు తట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ సొమ్ము చెల్లించక్కర్లేదు.

అంచేత కిళ్ళీకొట్టు సభలో ఈసారి జాబితా మీద చర్చ వచ్చినప్పుడు నేనొక సవరణ ప్రతిపాదిద్దామనుకుంటున్నాను. 'గెంటెయ్యడం' నిజమే గాని, 'విడుదల' అన్నమాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. జట్టులోంచి తీసేస్తే బాధపడచ్చు, తిట్టుకోవచ్చు, పక్క జట్టులో చేరి పాతవాళ్ళని ఓడించనూ వచ్చు. ఆ మూడో అవకాశం ఊరికే రాలేదు. తోటివాళ్ళు కప్పు ఎత్తుతున్న ఏడాది, ఒకడు ఆట మానుకుని ఇంట్లో కూర్చుని సంపాదించిపెట్టాడు.